సీసా పగలగొట్టిన తెల్లారి ఏం జరుగుతుంది? కొడుకు పోయిన తండ్రి మీద సినిమా కథ రాస్తున్న తమ్ముడికి జవాబు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "నకిరేకల్ దగ్గర ఒక పల్లె. నాన్న ఆటో డ్రైవర్. ఇంటర్ పాసైన కొడుక్కి ఫైనాన్సులో బండి కొనిచ్చాడు. విజయవాడ హైవే మీద ఆ బండితోనే పిల్లాడు చనిపోయాడు. నాన్న తాగుడులో పడ్డాడు. ఎనిమిది నెలల తర్వాత కొడుకు నోట్‌బుక్ దొరుకుతుంది, సీసా పగలగొడతాడు, తెల్లారి గడ్డం గీసుకుని ఆటో తీస్తాడు. చివర్లో ఇంకో పిల్లాణ్ని యాక్సిడెంట్ నుంచి కాపాడతాడు. నిజానికి దగ్గరగా ఉండాలంటే ఏం మార్చాలి? డీఅడిక్షన్ సెంటర్ సీన్లు ఎలా ఉంటాయి? తల్లి పాత్రకి ఏడవడం తప్ప పనేం లేదని ఫ్రెండ్స్ అంటున్నారు."

నేను మహబూబ్‌నగర్‌లో ఉంటాను. తాగుడు మాన్పించే చోట కౌన్సెలర్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నదాన్ని. పాలమూరు, నల్లగొండ రెండు వైపుల కుటుంబాలనూ చూశాను. సినిమా తీయడం నాకు తెలియదు, కాబట్టి మీ స్క్రీన్‌ప్లే జోలికి పోను. కానీ మీరు అయిపోయిందనుకుంటున్న చోటే ఇలాంటి ఇళ్లల్లో అసలు కథ మొదలవుతుంది. తాగినన్నాళ్లూ ఆ తండ్రికి కొడుకు పూర్తిగా చనిపోలేదు. మానేశాకే చనిపోతాడు. మీ రెండో సగం అక్కడ ఉంది.

ముందు ఆ తెల్లారి సంగతి. ఎనిమిది నెలలు పొద్దున లేస్తూనే క్వార్టర్ వేసుకున్న మనిషి ఒక్కసారిగా ఆపితే, కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి. చెమటలు పడతాయి, గుండె దడదడలాడుతుంది, కడుపులో తిప్పుతుంది. ఆ చేతికి రేజర్ ఇస్తే ముఖమంతా గాట్లే. ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత, అంటే రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో, కొందరికి మతి పూర్తిగా తప్పుతుంది. డెలీరియం ట్రెమెన్స్ అంటారు దాన్ని. మందు మానడం వల్ల ప్రాణం పోవచ్చని మన దగ్గర చాలామంది నమ్మరు. "మానితే మంచిదే గదా మేడమ్" అంటారు. వైద్యం అందకపోతే ఈ దశలో మనుషులు చనిపోతారు.

ఈ దశలో ఒక విచిత్రం ఉంటుంది, మీ సినిమాకు పనికొస్తుంది. మతి తప్పిన మనిషి తన వృత్తి పని చేస్తుంటాడు. ఒక ఆటో అన్న మంచం మీద పడుకుని కుడిచేత్తో హ్యాండిల్ తిప్పుతూ, ఎడమచేత్తో గేరు మారుస్తూ, "బస్టాండ్, బస్టాండ్, ఇద్దరు తక్కువున్నరు" అని పిలుస్తూ ఉండటం నేను చూశాను. దుప్పటి మీద లేని చీమలను ఏరేవాళ్లు ఉంటారు. తాటిచెట్లు ఎక్కే గీత కార్మికుడు కాళ్లు ముడిచి ముడిచి పైకి జరుగుతుంటాడు. ఇక్కడ మీకొక ఆశ పుడుతుంది, నాకు తెలుసు: ఆ మైకంలో కొడుకు కనబడి తండ్రితో మాట్లాడితే ఎంత బాగుంటుంది అని. అలా తీయకండి. చనిపోయినవాళ్లు కనబడ్డారని చెప్పేవాళ్లు ఉంటారు గానీ, అది ప్రేమగా కూర్చుని మాట్లాడే కలయిక కాదు, భయం. ఎదుట ఉన్నది ఎవరో నిమిష నిమిషానికి మారుతుంది. ఏ ఊళ్లో ఉన్నాడో, పగలో రాత్రో తెలియదు. తేరుకున్నాక చాలామందికి అందులో సగం గుర్తుండదు.

ఆ సమయంలో ఇంట్లో జరిగేదే నిజమైన నాటకం. ఏడాది తిరగకుండా చావు జరిగిన ఇల్లు. తండ్రి గాలిలోకి చూస్తూ మాట్లాడుతున్నాడు. మేనత్తలు ఏమంటారు? "పోరడే అచ్చిండు, ఆయిన్ని తోల్కపోతందుకు" అంటారు. నిమ్మకాయలు, తాయెత్తులు వస్తాయి. ఒకరు మంత్రగాణ్ని పిలుద్దామంటారు, ఇంకొకరు ఆర్‌ఎంపీని. ఆర్‌ఎంపీ వస్తే గ్లూకోజ్ బాటిల్ పెడతాడు. నెలల తరబడి తిండి లేకుండా తాగినవాళ్లకు ఒంట్లో విటమిన్ బి1 ఉండదు. అది ఎక్కించకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. చూపు తేడా వస్తుంది, నడక తూలుతుంది, జ్ఞాపకం శాశ్వతంగా పోవచ్చు. అందుకే ఆసుపత్రిలో ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఊరంతా మంచిదనుకునే ఆ బాటిల్‌ను మీరు కెమెరాలో దగ్గరగా చూపిస్తే చాలు, విలన్ అక్కర్లేదు.

ఇంతకీ మీ హీరో తాగేది ఏమిటి? స్క్రిప్టులో "మందు" అని మాత్రమే రాశారు. మన జిల్లాల్లో ఇది చిన్న విషయం కాదు. చెట్టు మీంచి పొద్దున దించిన తాటికల్లు, ఈతకల్లు వేరు. కల్లు కాంపౌండ్లలో కొన్నిచోట్ల దొరికే తెల్లనీళ్లు వేరు. వాటిలో కలిపేది డయజెపామ్, అల్ప్రజోలం, సీహెచ్ అని పిలిచే క్లోరల్ హైడ్రేట్. మొదటి రెండూ నిద్రమాత్రల జాతివి, మూడోది పాతకాలపు నిద్రమందు. దీనికి అలవాటు పడ్డవాడు కల్లు దొరక్కపోతే సారా మానేసినవాడిలా ఉండడు. మెడ ఒక పక్కకు వాలుతుంది, మాట ముద్దగా వస్తుంది, తనలో తాను గొణుక్కుంటాడు, ఫిట్స్ వస్తాయి. డయజెపామ్ ఒంట్లో చాలా రోజులు నిలుస్తుంది కాబట్టి ఈ బాధ మూడో రోజో, వారానికో కూడా మొదలవ్వొచ్చు. అప్పటికి ఇంట్లోవాళ్లు "గండం గడిచింది" అనుకుని ఉంటారు. 2015లో ఎక్సైజ్ వాళ్లు కల్తీ మీద గట్టిగా పడ్డప్పుడు నిజామాబాద్‌లో, మా మహబూబ్‌నగర్‌లో ఆసుపత్రులకు ఇలాంటివాళ్లు గుంపులుగా వచ్చారు. పేపర్లలో "వింతగా ప్రవర్తిస్తున్నారు" అని రాశారు. వింతేమీ లేదు, మాత్ర అందలేదు, అంతే. వీళ్లకు వైద్యం కూడా ఒక్కసారిగా ఆపడం కాదు, అదే జాతి మాత్రను కొలిచి ఇచ్చి వారాల మీద తగ్గిస్తూ రావడం.

కాబట్టి నిర్ణయించుకోండి: కాంపౌండ్ మనిషా, బెల్టుషాపు మనిషా, పొద్దున అది, రాత్రి ఇదా? మూడోదే ఎక్కువ.

ఇక అతను తాగుడు ఎలా మొదలుపెట్టాడో మీరు ఒక్క పాటలో దాటేశారు. అక్కడ కొంచెం ఆగాల్సింది. మన దగ్గర చావింట్లో మందు చుట్టాలే తెస్తారు. పాడె మోసినవాళ్లకు, డప్పు కొట్టినవాళ్లకు పోస్తారు, మూడొద్దులకు పోస్తారు, దినాల నాడు పోస్తారు. తండ్రి ఏడవలేక గోడకు ఆనుకుని కూర్చుంటే బావమరిది గ్లాసు తెచ్చి, "బావా, జర తాగు, నిద్రన్న వడ్తది" అంటాడు. అందులో చెడ్డ బుద్ధి ఏమీ లేదు. నిజంగానే నిద్ర పడుతుంది. తెల్లవారుజామున మూడు గంటలకు తెలివి వస్తుంది. మద్యం దిగాక నిద్ర విరగడం దాని స్వభావం. ఆ మూడు గంటలకు ఇల్లంతా నిశ్శబ్దం, పిల్లాడి బండి పెట్టే చోటు ఖాళీ. మళ్లీ పడుకోవాలంటే ఇంకో గ్లాసు. పదకొండు రోజుల్లో ఇది పద్ధతిగా మారిపోతుంది. బారులో కూర్చుని విషాద గీతం పాడే హీరోకన్నా, తెల్లవారుజామున చెప్పులు చేత్తో పట్టుకుని తలుపు తీసుకుని బయటికి పోయే మనిషి మా దగ్గరికి ఎక్కువగా వస్తాడు.

సీసా పగలగొట్టడం బదులు అయ్యప్ప మాల వేయించండి. నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను. మన పల్లెల్లో మగవాళ్లు తాగుడు ఆపే ప్రయత్నం ఎక్కువగా మాలతోనే చేస్తారు. నలభై ఒక్క రోజుల దీక్ష. ఒట్టు, శపథం, పిల్లల మీద ప్రమాణం చేయని పని మాల చేస్తుంది. ఎందుకంటే అది ఊరి నోరు మూయిస్తుంది. నల్లబట్టలో ఉన్నవాడికి "ఒక్క పెగ్గే" అని ఎవడూ పోయడు. నిన్నటిదాకా తాగుబోతు అన్నవాళ్లే "స్వామీ" అని పిలుస్తారు. పొద్దున నాలుగింటికి చన్నీళ్ల స్నానం, అంటే ఆ పాడు మూడు గంటల మెలకువకు ఒక పని దొరుకుతుంది. చుట్టూ పదిమంది స్వాములు, సాయంత్రం భజన, వేళకు భిక్ష. నేను కౌన్సెలింగ్‌లో నెలల తరబడి కట్టడానికి చూసే దినచర్య అది. రెండు చిక్కులున్నాయి. ఒకటి, బాగా ముదిరిన తాగుబోతు డాక్టర్‌కు చూపించుకోకుండా మాల వేసుకుంటే రెండో రోజే ఫిట్స్‌తో పడిపోవచ్చు. ఊరు దాన్ని దీక్షలో తప్పు చేశాడు, స్వామి శిక్షించాడు అంటుంది. రెండోది, మాల తీసిన రోజు. శబరిమల నుంచి దిగి వచ్చి, స్వామి కాస్తా మళ్లీ మామూలు మనిషైన ఆ సాయంత్రం. నలభై రెండో రోజుకు ఏం చేయాలో ఎవరూ అతనికి చెప్పలేదు. మీ ఇంటర్వెల్ అక్కడ పెట్టుకోవచ్చు.

సెంటర్ సీన్ల గురించి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు అందరికీ తెలుసు, ఆ పేరంటేనే భయం. మహబూబ్‌నగర్, నల్లగొండ మెడికల్ కాలేజీల ఆసుపత్రుల్లోనూ సైకియాట్రీ డాక్టర్లు ఉన్నారు. మొదటి వారం చూడటానికి ఏమీ ఉండదు. మనిషి నిద్రపోతుంటాడు, ఇంజెక్షన్లు, మాత్రలు, బీపీ చూడటం, భార్య బయట వరండాలో టిఫిన్ డబ్బాతో. క్లోర్‌డయాజెపాక్సైడ్‌ లాంటి మాత్ర మొదట పెద్ద మోతాదులో ఇచ్చి రోజూ కొంత తగ్గిస్తారు. యోగా, గడ్డిమీద ధ్యానం మాంటేజ్ వద్దు. కొన్ని ప్రైవేటు చోట్ల కొడతారు, కట్టేస్తారు, ఇంటికి ఫోన్ చేయనివ్వరు. అలాంటి చోటి నుంచి వచ్చినవాళ్లు మా దగ్గర మొదటి నెల కళ్లెత్తి మాట్లాడరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. మీ హీరోను గదిలో పెట్టి తాళం వేసే సీను "కఠినమైన ప్రేమ" అన్నట్టు రాశారు. దయచేసి తీసేయండి. ఆ సీను చూసి ఇంట్లో ప్రయత్నించేవాళ్లుంటారు, గది లోపల ఫిట్స్ వస్తే తలుపు తీసేవాళ్లుండరు.

తాగుడు మాన్పిస్తుందని కూరలో కలిపే పొడి కూడా అంతే. డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది. అది వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, ఊపిరాడక, బీపీ పడిపోతుంది. తెలిసి, ఒప్పుకుని, డాక్టర్ చూస్తుండగా వాడే మందు అది. భర్తకు తెలియకుండా పప్పులో కలిపే భార్యలు ఎందరో. అలా పెట్టిన రాత్రి అతను తాగి వస్తే ప్రాణం మీదికి రావచ్చు. తాగిన మందు సీసాకంటే ఆ పప్పు గిన్నె దగ్గర మీకు ఎక్కువ ఉత్కంఠ దొరుకుతుంది.

ఇప్పుడు అసలు విషయం. మానేసి మూడు నాలుగు వారాలైంది. చేతుల వణుకు పోయింది, అన్నం తింటున్నాడు, ముఖం తేటపడింది. చుట్టాలంతా "మల్ల మనిషైండు" అంటున్నారు. సరిగ్గా అప్పుడు అతను కూలిపోతాడు. ఇంటివాళ్లకు అర్థం కాదు, తాగినప్పుడే నయం, ఇంత ఏడవలేదు అంటారు. జరిగేది ఇది: మిగతావాళ్లు ఎనిమిది నెలలు ఏడ్చారు. బట్టలు సర్దారు, ఎవరికి ఇచ్చేవి వాళ్లకు ఇచ్చారు, ఫొటోకు దండ వేశారు. మొదటి బతుకమ్మ కన్నీళ్లతోనే గడిచిపోయింది. తండ్రి ఈ రోజుల్లో దేనిలోనూ లేడు. మనిషి అక్కడే ఉన్నాడు గానీ లేడు. ఇప్పుడు అతనికి కొడుకు నిన్న పోయినట్టు. ఇల్లేమో దాన్ని దాటేసింది. అతనొక్కడే మొదటి రోజులో ఉన్నాడు.

ఒక ఇంటి సంగతి చెబుతాను, ఊరు, పేరు వద్దు. మానేసిన నెలకు ఆయన మా గదిలో భార్యను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాడు: "దినాల నాడు ఏం వండిన్రు?" ఆమె ఒక్క క్షణం తెల్లబోయింది. "బగార, మటన్. నువ్వే గదా మేక బేరం చేసినవ్." "పిట్ట ముట్టిందా?" "ముట్టలే. చాన సేపు కూసున్నం. ఆఖరికి ఇగ రాదని నీళ్లల్ల కలిపిన్రు." "నేనేడున్న?" "కానుగ చెట్టు కింద పన్నవ్." ఆమె గొంతులో కోపం లేదు, లెక్క చెబుతున్నట్టు చెప్పింది. ఆయన ఒక్కొక్కటీ అడుగుతున్నాడు: మంచానికి ఎవరు పట్టారు, తలకొరివి తానే పెట్టాడా, పోస్టుమార్టం గది దగ్గర ఎవరున్నారు. ఆమె అన్నీ చెప్పింది. ఆ గంటలో నేను ఒక్క మాటా మాట్లాడలేదు, అవసరం రాలేదు.

తల్లి పాత్రకి పనేమిటన్నారు. పని ఇదే. జరిగిందంతా ఆమె దగ్గరే ఉంది. అతనికి అది కావాలి, ఆమె దాన్ని ఊరికే ఎందుకివ్వాలి? ఎనిమిది నెలలు ఆమెకు ఏడ్చే వంతు రాలేదు. అతన్ని రోడ్డు మీంచి మోసుకొచ్చింది, పత్తి ఏరబోయింది, సంఘం కిస్తీ కట్టింది. అతను బాగవుతున్నాడని తెలిశాక ఆమెకు కోపం వస్తుంది. బాగయ్యేదాకా తిట్టడానికి కూడా ఎదుట మనిషి లేడు మరి. భర్త మానేశాక భార్య పుట్టింటికి పోయిన ఇళ్లు నేను చూశాను. ప్రేక్షకుడికి ఇది అర్థం కాదని భయపడకండి, ఆడవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఇంకోమాట: ఆమె కూడా అప్పుడప్పుడు కల్లు తాగే మనిషైతే ఆశ్చర్యపోనక్కర్లేదు. మన పల్లెల్లో ఆడవాళ్లు కల్లు తాగడం కొత్త కాదు. సినిమా వాళ్లు మాత్రం ఎప్పుడూ ఆమె చేతిలో హారతి పళ్లెమే పెడతారు. మీ కథలో పిల్లాడికి చెల్లెలు ఉందన్నారు, ఇంటర్వెల్ తర్వాత ఆమె ఊసే లేదు. బతికున్న పిల్లను మరిచిపోవడం ఇలాంటి ఇళ్లల్లో నిజంగానే జరుగుతుంది. అయితే అది సినిమా గమనించాలి, దర్శకుడు కూడా మరిచిపోకూడదు.

దుఃఖం ఎంతకాలం ఉంటే జబ్బు అని కూడా అడిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త వర్గీకరణలో, 2022 నుంచి అమల్లో ఉన్నది, ఆరు నెలలు దాటినా తగ్గకుండా రోజువారీ బతుకును ఆపేసే శోకానికి విడిగా ఒక పేరుంది. అమెరికా మానసిక వైద్యుల జబ్బుల పుస్తకం పెద్దవాళ్లకు ఏడాది అంటుంది. పిల్లలు పోయిన తల్లిదండ్రుల విషయంలో నేను ఈ లెక్కలను పట్టుకుని కూర్చోను. మనిషి లేచి పనికి పోతున్నాడా, తింటున్నాడా, చావాలని మాట్లాడుతున్నాడా, ఇవి చూస్తాను.

మళ్లీ తాగడం పెట్టండి. తప్పకుండా. మొదటి ఏడాదిలో జారనివాళ్లు తక్కువ. ఎప్పుడు జారతారో చాలావరకు ముందే చెప్పొచ్చు. పెత్రమాస వస్తుంది. పెద్దలకు పెట్టే రోజున కొడుకు పేరు చెప్పి బియ్యం ఇవ్వాల్సి వస్తుంది. తండ్రికి కొడుకు పెట్టాలి గానీ ఇదేమి తలకిందులు అని ఆ మనిషి లోపల రగిలిపోతాడు. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ, ఊరంతా పూలు, పాటలు. తొమ్మిది రోజులు దాటితే దసరా. దసరా నాడు మందు ముట్టని మగవాడిని మన దగ్గర వింతగా చూస్తారు. ఇవికాక కోర్టు తారీఖులు. యాక్సిడెంట్ నష్టపరిహారం కేసు ఏళ్ల తరబడి సాగితే, తారీఖు తారీఖుకీ లాయర్ ఆ రోజు ఏం జరిగిందో మళ్లీ చెప్పిస్తాడు. చివరికి డబ్బు ఒక్కసారిగా చేతికొచ్చిన రోజు అన్నిటికన్నా ప్రమాదం. కొడుకు ఖరీదు అనిపించే ఆ డబ్బును ఇంట్లో దాచుకోలేక తాగి తగలేసినవాళ్లున్నారు. జారిన రాత్రిని మీరు ఓటమిలా వయొలిన్‌తో తీస్తారేమోనని నా భయం. మేము మరుసటి పొద్దున మనిషి తిరిగి మా దగ్గరికి వచ్చాడా లేదా అన్నదే చూస్తాం. ఎన్ని రోజులు తాగాక వచ్చాడు, ఈసారి ఎవరికి ముందుగా చెప్పాడు, అందులోనే తేడా తెలుస్తుంది.

క్లైమాక్స్‌లో ఇంకో పిల్లాణ్ని కాపాడటం తీసేయమని నా సలహా. ఆ రుణం అలా తీరదు. మీ కథలోనే ఇంతకన్నా గట్టి వస్తువుంది, మీరు వాడుకోలేదు. ఆ బండి ఏమైంది? యాక్సిడెంట్ బండిని పోలీస్ స్టేషన్‌కు తెస్తారు, బ్రేకు ఇన్‌స్పెక్టర్ చూస్తాడు. విడిపించుకునేవాళ్లు రాకపోతే ఆవరణలో అలాగే తుప్పు పడుతుంది. మన ఏ స్టేషన్ ముందైనా చూడండి, ముళ్లచెట్లు మొలిచిన బండ్ల వరస ఉంటుంది. ఫైనాన్సు వాళ్లకు మాత్రం చావుతో సంబంధం లేదు, కిస్తీ నెలనెలా పడుతుంది, కట్టకపోతే ఇంటిముందుకొస్తారు. చచ్చిన కొడుకు బండికి కిస్తీ కట్టే తండ్రి ఆటో ఎందుకు నడుపుతాడో, ఎందుకు ఆపేస్తాడో మీకు డైలాగు అక్కర్లేదు. విడిపిస్తాడా, తుక్కుకు అమ్ముతాడా, నాకు తెలియదు, అది మీ కథ. బండి కొనివ్వమని అడిగింది కొడుకా, కొనిస్తానన్నది తండ్రా, వద్దన్నది తల్లా? ఈ మూడింటికి మీ దగ్గర జవాబుంటే చివరి సీను దానంతట అదే వస్తుంది.

షూటింగ్ మాట. నిజమైన వార్డులో తీయాలని ఉందన్నారు. సూపరింటెండెంట్ అనుమతి ఇచ్చినా సరే, చికిత్సలో ఉన్నవాళ్ల ముఖాలు వెనకాల కూడా పడకూడదు. వాళ్ల ఊరివాళ్లు కూడా మీ సినిమా చూస్తారు. ఖాళీ కమ్యూనిటీ హాల్లో నాలుగు ఇనుప మంచాలు వేసుకోండి, సరిపోతుంది. నటుడికి వణుకు నేర్పడానికి చేతులు చాచి వేళ్లు విడదీసి పెట్టమనండి, అరచేతిమీద కాగితం పెడితే అది అదిరేంత సన్నగా ఉండాలి, ఊపేయకూడదు. టైటిల్స్‌లో "మద్యపానం ఆరోగ్యానికి హానికరం" ఎలాగూ వేస్తారు, దాని కింద మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446 కూడా వేయండి. రెండూ ఉచితం. టెలిమానస్‌లో తెలుగులో మాట్లాడతారు. స్క్రిప్టు రెండో డ్రాఫ్టు అయ్యాక పంపితే మందుల సీన్లు చదివి పెడతాను.